పేరు తెలియని డ్రమ్ము

తడ దగ్గర చెన్నై హైవే పక్కన లారీ షెడ్లకు కొదవ లేదు. భీమునివారిపాలెం చెక్‌పోస్టు దాటాల్సిన లారీలు, శ్రీసిటీలో సరుకు దింపి తిరిగెళ్లే కంటైనర్లు, ఆరంబాకం వైపు నుంచి వచ్చే టిప్పర్లు ఏదో ఒక మరమ్మతు కోసం ఆగుతూనే ఉంటాయి. వాటిలో ఒకదాన్ని అందరూ మిలిటరీ మేస్త్రి షెడ్డు అంటారు. సైన్యంలో యంత్రాలు, బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా మెకానిక్‌గా చేసి, 2003లో రిటైరై వచ్చినాయనది. పేరు రాయొద్దన్నారు కాబట్టి నేనూ మేస్త్రి అనే రాస్తాను.

నేను వెళ్లేసరికి లారీ హబ్బు విప్పి బేరింగులు బయట పెట్టారు. సగానికి కోసిన నూనె డబ్బాలో డీజిల్ పోసి, పద్దెనిమిదేళ్ల కుర్రాడు బ్రష్షుతో వాటిని కడుగుతున్నాడు. మోచేతుల దాకా నలుపు. గ్లోవ్సు లేవు. మేస్త్రి స్టూలు మీద కూర్చుని ఉన్నారు. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. బొటనవేలూ చూపుడువేలూ బీడీ చుడుతున్నట్టు ఆగకుండా ఆడుతున్నాయి. కుర్రాడు స్పానర్ అందించగానే ఆ ఆట ఆగిపోయింది. నట్టు బిగించి, చెయ్యి మళ్లీ ఒళ్లో పెట్టుకోగానే మొదలైంది. ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు. దాని తీరే అంత. చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే వణుకు ఎక్కువ.

"వణుకు నాలుగేళ్ల నుంచి సార్. వాసన పొయ్యి మాత్రం పదేళ్లు దాటింది. డీజిల్ కారతా ఉన్నా నాకు తెలీదు. పిలకాయలే చెప్పాల" అన్నారు. ఈ జబ్బులో వాసన పోవడం వణుకు కంటే ఏళ్ల ముందే కనిపించవచ్చునని డాక్టర్లు చెబుతారు. ఆయనకు ఆ మాట వణుకు మొదలయ్యాకే తెలిసింది. బిల్లు పుస్తకం తెరిచి చూపించారు. ప్రతి వరసలో మొదటి అక్షరాలు బాగానే ఉన్నాయి, చివరికొచ్చేసరికి చీమంత అవుతున్నాయి. పెన్షన్ కాగితాల మీద సంతకం కలవడం లేదని బ్యాంకులో రెండుసార్లు వెనక్కి పంపారట.

ఆయన శిక్షణ సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో. ఆ తర్వాత చాలా ఏళ్లు ఉత్తరాదిలో ఒక పెద్ద వర్క్‌షాపులో ఇంజన్లు విప్పడం, కడగడం, బిగించడం.

"దేంతో కడిగేవాళ్లన్నా?" అని అడిగాను.

"డ్రమ్ముల్లో వచ్చేది సార్. పైన ఏదో నంబరు ఉండేది. మేం డీగ్రీజర్ అనేవాళ్లం, అంతే. తియ్యటి వాసన. జిడ్డు చిటికెలో పొయ్యేది. రెండు గంటలు దాని మీద వంగి పనిచేస్తే తల తిరిగి, తాగినట్టు ఉండేది. బయటికి పొయ్యి గాలి పీల్చుకోని మళ్లా వచ్చేవాళ్లం. చేతులు కూడా దాంతోనే కడుక్కునేది."

1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ఆయన యూనిట్ లడఖ్‌లో ఉంది. ఫిరంగులు లాగే బండ్లను రాత్రింబవళ్లు బాగుచేశారు. రాత్రుళ్లు తలుపులు బిగించిన గదిలో బుఖారీ, అంటే కిరోసిన్ పొయ్యి. పొద్దున లేచి ఉమ్మితే నల్లగా పడేదని చెప్పారు. ఆ పొగ గురించి ఆయనకు ఫిర్యాదు లేదు. చలికి చావకుండా కాపాడింది ఆ పొయ్యే అన్నారు.

తియ్యటి వాసన అనగానే నాకు ట్రైక్లోరోఇథిలీన్ గుర్తొచ్చింది. లోహం మీది జిడ్డు వదిలించడానికి ప్రపంచమంతా వాడిన ద్రావకం అది. ఒకప్పుడు ఆపరేషన్లలో మత్తుమందుగా కూడా ఇచ్చేవారు. మనిషిలో క్యాన్సర్ కలిగించేదిగా దాన్ని తేల్చారు. పార్కిన్సన్స్ సంగతికొస్తే, అమెరికాలో నార్త్ కరోలినా తీరాన కాంప్ లెజూన్ అనే మెరైన్ల స్థావరం ఉంది. 1953 నుంచి 1987 దాకా అక్కడి తాగునీళ్లలో ట్రైక్లోరోఇథిలీనూ మరికొన్ని ద్రావకాలూ కలిశాయి. అక్కడ పనిచేసినవాళ్లను, అలాంటి నీళ్లు తాగని కాలిఫోర్నియా స్థావరం వాళ్లతో పోల్చిన అధ్యయనం 2023లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చింది. లెజూన్ వాళ్లకు పార్కిన్సన్స్ ముప్పు 70 శాతం ఎక్కువని అందులో తేలింది.

అది వేలమంది మీద తీసిన లెక్క. మేస్త్రి చెయ్యి ఎందుకు వణుకుతోందో అది చెప్పదు. ఈ జబ్బుకు వయసొక కారణం, పుట్టుకతో వచ్చే జన్యువులు మరొకటి, కొన్ని పురుగుమందులతోనూ సంబంధం కనిపించింది. ఈ మాట అన్నప్పుడు ఆయనే అందుకుని, "మడికి మందు నేనూ కొట్టినా సార్, దాచేదేముంది" అన్నారు. ఆ నిజాయితీ ముందు, ఆ డ్రమ్ములో ఉన్నది ట్రైక్లోరోఇథిలీనే అని నేను గట్టిగా చెప్పలేను. డ్రమ్ము మీద నంబరేమిటో, ఎన్నాళ్లు దానితో పనిచేశారో ఆయన దగ్గరున్న సర్వీసు కాగితాల్లో ఎక్కడా లేదు. ఎక్కడ పనిచేసిందీ ఉంది, ఏ మెడల్ వచ్చిందీ ఉంది, రక్తం గ్రూపు ఉంది.

అమెరికాలో ఈ చిక్కును చట్టంతో దాటారు. వియత్నాం అడవుల మీద 1962 నుంచి 1971 దాకా చల్లిన ఏజెంట్ ఆరెంజ్ తదితర ఆకురాల్చే మందుల వల్ల జబ్బు పడ్డామని సైనికులు ఏళ్ల తరబడి పోరాడారు. 1991లో చట్టం వచ్చింది. అక్కడ పనిచేసినవాడికి జాబితాలోని జబ్బు వస్తే, విషం తగిలిందని విడిగా రుజువు చెయ్యక్కర్లేదు. ఆ జాబితాలో పార్కిన్సన్స్ 2010లో చేరింది. లెజూన్‌లో కనీసం 30 రోజులు ఉన్నవాళ్లకు 2017లో అలాంటి వెసులుబాటే ఇచ్చారు. సైన్స్ పూర్తిగా తేలేదాకా మనిషి ఆగలేడు కాబట్టి సందేహాన్ని అతని పక్షాన లెక్కేశారు. ఇది దయతో ఇచ్చింది కాదు, బాకీ తీర్చడమని నేననుకుంటాను.

మన దగ్గరా ఈ న్యాయం ఉంది, సగం. 1985లో సైన్యంలోని సిగ్నల్స్ విభాగంలో చేరిన ధరమ్‌వీర్ సింగ్‌ను మూర్ఛ జబ్బని తొమ్మిదేళ్లకు ఇంటికి పంపి, వైకల్య పెన్షన్ కుదరదన్నారు. 2013 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఆయన పక్షాన వచ్చింది. చేరేటప్పటి పరీక్షలో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్ల వచ్చినట్టే అనుకోవాలి, దాన్ని రుజువు చెయ్యాల్సిన భారం సైనికుడిది కాదు అని చెప్పింది. కానీ ఇది సైన్యంలో ఉండగా బయటపడిన జబ్బులకు అక్కరకొచ్చే తీర్పు. మేస్త్రి ఆరోగ్యంగా రిటైరైనట్టు కాగితం ఉంది. ద్రావకాల ప్రభావం ఇరవై ముప్పై ఏళ్లకు బయటపడవచ్చు. అన్నేళ్ల తర్వాత ఫైలు తెరిపించాలంటే అప్పట్లో ఏం ముట్టుకున్నాడో చెప్పే కాగితం ఉండాలి. లేదు.

రాయకపోవడం ఈనాటిది కాదు. 1930లలో రావల్పిండిలో బ్రిటన్ రసాయన ఆయుధాల పరిశోధన కేంద్రమైన పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు వందలాది భారత సైనికుల మీద మస్టర్డ్ గ్యాస్ పరీక్షించారు. కొందరి చర్మం కాలి ఆసుపత్రి పాలయ్యారు. ఆ సంగతి 2007లో బ్రిటిష్ దస్తావేజుల్లోంచి బయటికొచ్చింది. తర్వాత వాళ్లకు ఏ జబ్బులొచ్చాయో కనుక్కున్నవాళ్లు లేరు. వాళ్లకు వాయువు పేరైనా చెప్పి ఉంటారా అన్నది నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న.

మధ్యాహ్నం భోజనానికి ముందు కుర్రాడు చేతులు డీజిల్‌లో ముంచి కాటన్ వేస్టుతో తుడుచుకుంటుంటే మేస్త్రి కసిరారు. "సబ్బు తీసుకోరా! నా చెయ్యి చూసినా బుద్ధి రాలా?" మూలన కొత్త గ్లోవ్సు పెట్టె ఉంది. వేసుకుంటే చిన్న నట్టు చేతికి దొరకదని ఎవరూ వేసుకోవడం లేదు. కడిగే పనికైనా వేసుకోమని నేనూ చెప్పాను. కుర్రాడు తల ఊపాడు.

మేస్త్రి ఇప్పుడు ఒక నోటు పుస్తకంలో రాసుకుంటున్నారు. ఏ ఏడాది, ఏ షాపు, ఏ పని, డ్రమ్ము రంగేమిటి, వాసనేమిటి. పాత యూనిట్ వాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే, కడప జిల్లాలో ఉన్న ఒకాయన తనకూ వాసన పోయిందని చెప్పారట. ఆయన చేత కూడా రాయించి, రెండూ కలిపి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇస్తారు. అక్కడ పని కాకపోతే చెన్నైలోని సాయుధ దళాల ట్రిబ్యునల్. తడ స్టేషన్ నుంచి పొద్దున బండెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. పుస్తకంలో చివరి పేజీల్లో అక్షరాలు బాగా చిన్నవైపోయాయి. మిగతాది ఆయన చెబుతుంటే కోడలు రాస్తోంది.