ఫైవ్ నైన్... టూ సిక్స్!

నలభై ఎనిమిది గంటల పాటు కుర్చీ వదలకుండా ఆడే ఆట అది. మైదానం ఉండదు, ప్రేక్షకులు ఉండరు, గెలిచినా పైసా రాదు. అయినా ఏటా వేలమంది ఆడతారు. ఆ ఆటగాళ్ల పటంలో మన అండమాన్‌ది ప్రత్యేకమైన చోటు. ఒక ఆదివారం ఉదయం అక్కడ జరిగింది తెలిస్తే, ఈ ఆట వట్టి కాలక్షేపం కాదని ఎవరైనా ఒప్పుకుంటారు.

అక్టోబరు నెలాఖరు. తెల్లవారుజాము అయిదున్నర. హైదరాబాద్‌లో ఆ వేళకి ఇంకా చీకటే. బంగాళాఖాతానికి ఆవలి వైపున్న శ్రీ విజయపురంలో మాత్రం అప్పటికే సూర్యుడు వచ్చేసి ఉంటాడు. 2024 సెప్టెంబరు దాకా అందరూ పోర్ట్‌బ్లెయిర్ అని పిలిచిన ఊరే అది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం ముందే వస్తాడు, ముందే పోతాడు. చలికాలంలో సాయంత్రం అయిదు కొట్టేసరికి వీధిదీపాలు వెలుగుతాయి. అబర్డీన్ బజారు గడియార స్తంభం దగ్గర నిలబడితే హిందీ, బెంగాలీ, తమిళం, తెలుగు అన్నీ ఒకేసారి వినబడతాయి. జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్తే శ్రీకాకుళం యాస పలకరిస్తుంది. వేట కోసం ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చి తరాల క్రితమే స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ ఎక్కితే నేరుగా దిగేది ఇక్కడే.

సరిగ్గా ఆ అయిదున్నరకే, అక్టోబరులోని చివరి పూర్తి వారాంతపు శనివారం నాడు, ప్రపంచమంతటా వేలాది గదుల్లో వేలాది మంది హెడ్‌ఫోన్లు సర్దుకుని మైకు బటన్ నొక్కుతారు. అంతర్జాతీయ కాలమానం ప్రకారం అప్పుడే సున్నా గంటలు. సీక్యూ వరల్డ్‌వైడ్ పోటీ మొదలైనట్టే. 1948 నుంచి జరుగుతున్న ఈ పోటీ మళ్లీ మన సోమవారం తెల్లవారుజామున అయిదున్నరకు గానీ ముగియదు. అక్టోబరులో మాటలతో, నవంబరు చివర్లో మోర్స్ కోడ్‌తో... ఏడాదికి రెండుసార్లు.

ఏమిటా ఆట?

హామ్ రేడియో అంటే సొంతంగా రేడియో కేంద్రం పెట్టుకుని, దాంతో ప్రపంచంలోని ఇతర హామ్‌లతో మాట్లాడుకునే అభిరుచి. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుతో పాటు ఒక పిలుపు గుర్తు ఇస్తారు. మన దేశంలో ఎక్కువగా అది ‘వీయూ’తో మొదలవుతుంది. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామే. ఆయన గుర్తు వీయూ2ఆర్‌జీ.

పోటీలో చేయాల్సింది వినడానికి చాలా తేలిక. నిర్ణీత సమయంలో వీలైనన్ని కేంద్రాలతో, వీలైనన్ని దేశాలతో మాట్లాడాలి. మాట్లాడటమంటే కబుర్లు కాదు. ఎదుటివారి పిలుపు గుర్తు సరిగ్గా పట్టుకోవాలి, సిగ్నల్ ఎలా ఉందో చెప్పాలి, తమ జోన్ నంబరు చెప్పాలి. ప్రపంచాన్ని ఈ పోటీ కోసం నలభై జోన్లుగా విడగొట్టారు. భారత ప్రధాన భూభాగం ఇరవై రెండో జోన్. కాబట్టి హైదరాబాద్ హామ్ అయితే ‘ఫైవ్ నైన్ టూ టూ’ అంటాడు. అవతలివాడు తనది చెబుతాడు. థ్యాంక్యూ... నెక్స్ట్! అంతా కలిపి పది సెకన్లు. చేయి తిరిగినవాళ్లు గంటకు రెండు వందలకు పైగా ఇలా పూర్తి చేస్తారు.

ఇందులో ఒక తమాషా ఉంది. ‘ఫైవ్ నైన్’ అంటే సిగ్నల్ అద్భుతంగా ఉందని అర్థం. హోరులో సగం అక్షరాలు వినపడకపోయినా, నాలుగుసార్లు అడిగి రాసుకున్నా చివరికి అందరూ ‘ఫైవ్ నైన్’ అనే చెబుతారు. అది మర్యాద. పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే ‘బ్రహ్మాండం’ అన్నట్టు!

తప్పు రాస్తే కోతే

మర్యాద చెల్లేది అక్కడివరకే. పిలుపు గుర్తులో ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా నిర్వాహకులు వదలరు. పోటీ అయ్యాక అందరి లాగ్‌లనూ కంప్యూటర్‌లో ఒకదానితో ఒకటి సరిపోలుస్తారు. ఇతను రాసుకున్నది, అతను రాసుకున్నది కలవకపోతే ఆ సంపర్కం పోతుంది. పైగా అదనంగా పాయింట్లు కోసేస్తారు. అందుకే మంచి పోటీదారుకి నోటికన్నా చెవి ముఖ్యం. వందమంది ఒక్కసారిగా అరుస్తుంటే అందులోంచి ఒక్క గొంతును పట్టుకోవాలి. ‘డెల్టా’నా, ‘బ్రావో’నా తేల్చుకోవాలి. అనుమానం ఉంటే మళ్లీ అడగాలి. నిద్ర ముంచుకొస్తున్న రెండో రాత్రి కూడా అదే ఏకాగ్రత కావాలి.

చోటు బలం కూడా తక్కువదేం కాదు. సముద్రపు ఒడ్డున ఉప్పునీటిని ఆనుకుని ఉన్న యాంటెన్నాకూ, అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కున్న యాంటెన్నాకూ పోలికే లేదు. అందుకే పోటీ వీరులు పెట్టెలు సర్దుకుని అరూబా లాంటి దీవులకు విమానం ఎక్కుతారు. మరి నైపుణ్యం ఎవరిదో, చోటు మహిమ ఎంతో తేలేదెలా? ఆ గొడవ తీర్చడానికే 1990లో అమెరికాలోని సియాటిల్‌లో ప్రపంచ రేడియో టీమ్ చాంపియన్‌షిప్ మొదలైంది. ఇద్దరిద్దరి జట్లను ఒకే ప్రాంతంలో కూర్చోబెట్టి పోటీ పెడతారు. 2018లో జర్మనీలోని విట్టెన్‌బర్గ్ పరిసరాల్లో జరిగినప్పుడు పొలాల్లో గుడారాలు వేసి అందరికీ ఒకే రకం యాంటెన్నాలు ఇచ్చారు. లిథువేనియా జట్టు గెలిచింది.

పటంలో వేరే దేశం

ఇక అండమాన్ సంగతి. మనకి అది భారతదేశమే. హామ్‌ల లెక్కలో మాత్రం ప్రధాన భూభాగానికి బాగా దూరంగా ఉన్న దీవులు కాబట్టి అండమాన్ నికోబార్ ఒక విడి ‘దేశం’. లక్షదీవులు ఇంకొకటి. ప్రపంచం మొత్తమ్మీద ఇలాంటివి 340 ఉన్నాయి. అన్నిటితోనూ మాట్లాడటం హామ్‌ల జీవితాశయం. కొందరికి ముప్ఫై నలభై ఏళ్లు పడుతుంది.

అంతేకాదు, అండమాన్ జోన్ కూడా వేరు. మయన్మార్, థాయ్‌లాండ్‌లతో కలిసి ఇరవై ఆరో జోన్‌లోకి వస్తుంది. పోటీలో మొత్తం పాయింట్లను దేశాల, జోన్ల సంఖ్యతో హెచ్చవేస్తారు. అంటే అండమాన్ నుంచి ఒక్క గొంతు ‘ఫైవ్ నైన్ టూ సిక్స్’ అందంటే కొత్త దేశం, కొత్త జోన్ రెండూ ఒకే దెబ్బకు ఖాతాలో పడతాయి. ఆరు బ్యాండ్లలోనూ విడివిడిగా లెక్క. ఆ గొంతు కోసం కొట్టుకోరూ మరి!

కానీ ఆ గొంతు 1987 తర్వాత మూగబోయింది. వ్యూహాత్మకమైన దీవులు. మామూలు లైసెన్సుంటే చాలదు, ప్రత్యేక అనుమతి కావాలి. అది దొరకలేదు. పదిహేడేళ్లు గడిచాయి. ఈలోగా లైసెన్సు తీసుకున్న ఒక తరం హామ్‌లకు అండమాన్ అందని ద్రాక్షే అయింది.

2004 డిసెంబరు

అనుమతి సాధించింది హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 1983లో మొదలైన సంస్థ అది. దాని తరఫున భారతీ ప్రసాద్ ఒక చిన్న బృందంతో డిసెంబరు మొదటి వారంలో పోర్ట్‌బ్లెయిర్‌లో దిగారు. సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో యాంటెన్నాలు లేచాయి. గాలిలోకి కొత్త పిలుపు గుర్తు వెళ్లింది... వీయూ4ఆర్‌బీఐ.

అంతే, ఖండాలన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఇలాంటి తొక్కిసలాటను హామ్‌లు ‘పైలప్’ అంటారు. తేదీల ప్రకారం అది పోటీ కాదు. కానీ అవతల ఉన్నవారికి అంతకుమించిన పోటీ. పదిహేడేళ్ల ఆకలి. ఆ బృందం ఉన్నది కొద్ది రోజులే. ముందు ఎవరి గొంతు చేరితే వారిదే లాగ్‌లో చోటు. మూడు వారాల్లో సుమారు 35 వేల సంపర్కాలు నమోదయ్యాయి.

డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరు దాటి ఇరవై తొమ్మిది నిమిషాలు. భారతి మైకు ముందే ఉన్నారు. సుమత్రా ఉత్తర కొసన సముద్రగర్భంలో భూమి చీలింది. తీవ్రత 9 దాటిన భూకంపం. పోర్ట్‌బ్లెయిర్‌లో గది ఊగింది. ప్రకంపనలు వస్తున్నాయని ఆమె మైకులో అరిచారు. వింటున్నవారికి అదే చివరి మాట. సిగ్నల్ తెగిపోయింది.

తర్వాత సముద్రం వచ్చింది.

కార్ నికోబార్‌లో వాయుసేన స్థావరం కొట్టుకుపోయింది. సిబ్బంది, వారి కుటుంబ సభ్యులు కలిపి వందమందికి పైగా చనిపోయారు. దేశానికి దక్షిణపు కొస ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఒడ్డున ఉండే లైట్‌హౌస్ పాదం నీళ్లలో మునిగింది. టెలిఫోన్లు మూగబోయాయి. దక్షిణాదిన ఉన్న దీవుల్లో ఎవరున్నారో, ఎవరు పోయారో రాజధానికే తెలియదు.

అప్పుడు ఆడినది వేరే ఆట

భారతి బృందం తిరుగు ప్రయాణం కట్టలేదు. కొద్ది గంటల్లోనే రేడియోను మళ్లీ పని చేయించారు. మొన్నటిదాకా పిలుపు గుర్తులు రాసుకున్న కాగితాల మీద ఇప్పుడు మనుషుల పేర్లు. ఫలానా దీవిలో ఫలానా వ్యక్తి క్షేమమా? ప్రధాన భూభాగంలో ఉన్న హామ్‌లు బంధువుల ప్రశ్నలు అందుకుని పంపేవారు, ఇటు నుంచి జవాబులు వెళ్లేవి. పోర్ట్‌బ్లెయిర్‌లో జిల్లా యంత్రాంగానికి రేడియో కేంద్రం ఏర్పాటైంది. బృందంలో కొందరు పరికరాలు మోసుకుని కార్ నికోబార్ వెళ్లారు. రెండు దీవుల మధ్య మాట మళ్లీ మొదలైంది.

అదృష్టమనాలో, మరేమనాలో! పదిహేడేళ్లలో ఒక్క హామ్ కూడా లేని చోట, సరిగ్గా ఆ నెలలోనే పూర్తి స్థాయి రేడియో కేంద్రం ఉంది. దాని ముందు మూడు వారాలుగా రేయింబవళ్లు సాధన చేసి, చెవులు పదునుపెట్టుకున్న మనుషులున్నారు.

పోటీల గురించి హామ్‌లు చెప్పే మాట అప్పుడు అక్షరాలా నిజమైంది. హోరులోంచి ఒక్క పేరును తప్పు లేకుండా పట్టుకోవడం, తక్కువ మాటల్లో చెప్పడం, అనుమానం వస్తే మళ్లీ అడగడం, నిద్ర లేకపోయినా చేయి వణకకపోవడం... పోటీ నేర్పేది ఇదే. అమెరికాలో 1933 నుంచి ఏటా జూన్‌లో ‘ఫీల్డ్ డే’ పేరుతో హామ్‌లు బయట గుడారాలు వేసుకుని, సొంత కరెంటుతో రేడియోలు నడిపేదీ ఇందుకే. తేడా ఒక్కటే. పోటీలో ఒక అక్షరం తప్పితే పాయింట్లు పోతాయి. ఇక్కడ ఒక అక్షరం తప్పితే బతికున్న మనిషి ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. లేదా చనిపోయిన మనిషి కోసం ఓ తల్లి ఇంకా ఎదురుచూస్తూనే ఉంటుంది.

మళ్లీ ఆ గొంతు

ఆ సేవ దీవుల తలుపు తెరిచింది. 2006 ఏప్రిల్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లోనే హామ్‌ల సమ్మేళనం జరిగింది. విదేశాల నుంచీ హామ్‌లు వచ్చి, ఎన్నాళ్లుగానో వినాలని తపించిన చోటు నుంచి తామే మాట్లాడి వెళ్లారు. మరుసటి ఏడాది జనవరిలో హైదరాబాద్ సంస్థే లక్షదీవుల నుంచి వీయూ7ఆర్‌జీ పేరుతో గాలిలోకి వచ్చింది. రాజీవ్ గాంధీ పిలుపు గుర్తులోని చివరి అక్షరాలు అందులో ఉన్నాయి.

దీవులూ మారాయి. చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వేసి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. జంగ్లీఘాట్‌లో వల బాగుచేసుకుంటున్న కుర్రాడు ఇప్పుడు శ్రీకాకుళంలో ఉన్న మామయ్యతో వీడియోలో మాట్లాడగలడు. ఇంకా రేడియో ఎందుకని ఎవరైనా అడగవచ్చు. 2004లోనూ ఫోన్లు ఉన్నాయి. భూమి కదిలిన రోజున అవి లేకుండా పోయాయి. ఒక తీగ ముక్క, ఒక బ్యాటరీ, ఒక పెట్టె... వీటిని ఆకాశంతో కలపడం తెలిసిన మనిషి ఉంటే చాలు, మాట ఆగదు.

ఏటా అక్టోబరు చివర్లో మళ్లీ ఆ అయిదున్నర వస్తుంది. వేల గొంతులు ఒక్కసారిగా లేస్తాయి. ఎక్కడో ఒక హామ్ ఇరవై ఆరో జోన్ కోసం డయల్ తిప్పుతుంటాడు. అదృష్టం బాగుంటే ఆ గొంతు దొరుకుతుంది. ‘ఫైవ్ నైన్ టూ సిక్స్.’ పోటీలో ఎవరూ ఎవరినీ బాగున్నారా అని అడగరు. అంత తీరిక ఉండదు. ఆ దీవుల నుంచి రోజుల తరబడి ఆ ఒక్క ప్రశ్నే వినిపించిన రోజులు కూడా ఉన్నాయని పాత హామ్‌లకు మాత్రం గుర్తుంటుంది.