పుదుపేటలో పాత బండికి కొత్త గుండె

చెన్నై సెంట్రల్‌లో దిగి, ఆటో ఎక్కి 'పుదుపేట' అంటే చాలు. డ్రైవరు ఒక్కటే అడుగుతాడు, 'కారా, బైకా?' అని.

ఎగ్మోర్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో, కూవం నదికి దగ్గర్లో ఉంటుందీ పేట. ఇరుకు సందులు, రెండు పక్కలా కొట్లు. ఒక కొట్టు ముందు సైలెన్సర్లు అరటి గెలల్లా వేలాడుతుంటాయి. ఇంకో కొట్టులో పెట్రోలు ట్యాంకుల్ని బిందెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచుతారు. నేలంతా ఆయిలు మరకలే. ఆయుష్షు తీరిన బండ్లు ఇక్కడికొచ్చి ముక్కలవుతాయి. ఆ ముక్కలే ఇంకెక్కడో ఆగిపోయిన బండిని మళ్లీ నడిపిస్తాయి. నలభై ఏళ్ల కిందటి బండికి చిన్న బుష్షు కావాలన్నా, 'రెండు నిమిషాలు కూర్చో సార్' అని లోపలికెళ్లి వెతికి తెచ్చేవాళ్లున్నారిక్కడ.

ఆ సందుల్లోనే ఒక మెకానిక్ షెడ్డు. పొద్దున్నే నెల్లూరు నుంచి రైలెక్కి వచ్చిన తండ్రీ కొడుకులు అక్కడ స్టూళ్ల మీద కూర్చున్నారు. తండ్రి ఒళ్లో గుడ్డ సంచి, అందులో తువ్వాలు చుట్టిన ఇనుప ముద్ద. అది యమహా ఆర్‌ఎక్స్ 100 సిలిండరు. మెకానిక్కుల భాషలో 'బ్లాకు'. పెళ్లికి ముందు, 1992లో కొన్న బండి తాలూకుది. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుక్కి ఇప్పుడా బండి కావాలి. ఉత్తగా కాదు. ఎదురుగా ఏ కొత్త బండి వచ్చినా దాటిపోయేలా కావాలి!

'పోర్టింగ్ చేయించాలి. పెద్ద కార్బొరేటరు, రేసు సైలెన్సరు పెట్టించాలి' అన్నాడు కొడుకు.

'ముందు ఆయన జెప్పేది ఇనరా అబ్బయ్యా' అన్నాడు తండ్రి.

పదకొండు గుర్రాల బండి

ఈ బండి సంగతి తెలియని ఇల్లు తెలుగునాట తక్కువే. సొంతానికి లేకపోయినా బాబాయికో పక్కింటాయనకో ఉండే ఉంటుంది. 1985లో మన దేశంలోకి వచ్చి 1996 వరకూ తయారైంది. ఇంజిన్ 98 సీసీ మాత్రమే. శక్తి 11 హార్స్ పవర్. ఇప్పటి లెక్కల్లో అదేమంత గొప్ప కాదు. కానీ బండి బరువు వంద కిలోలకు అటూ ఇటూగా ఉండటంతో యాక్సిలరేటరు తిప్పగానే ఎగిరి దూకేది. అన్నట్టు, అప్పట్లో ఇంతకంటే బలమైనది లేకపోలేదు. 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350 శక్తి దీనికి రెండింతలు దాటుతుంది. కానీ పెట్రోలు తాగడంలోనూ దానిది రాజుల వైభోగమే! మధ్యతరగతి ఇంటికి చేరువైంది మాత్రం ఆర్‌ఎక్స్ 100.

టూ స్ట్రోక్ ఇంజిన్ పొగకు కొత్త నిబంధనలు అడ్డొచ్చి ఆ బండి ఆగిపోయింది. మోజు ఆగలేదు. అందుకే ఇన్నేళ్ల తర్వాత కూడా దానికి పిస్టన్లు, రింగులు, సైలెన్సర్లు ఎవరో ఒకరు తయారుచేస్తూనే ఉన్నారు. కంపెనీ ఒరిజినల్ డబ్బాలో దొరికేవి అరుదు. బయటి తయారీవి బోలెడు. వాటిలో బంగారం లాంటివీ ఉన్నాయి, నెల తిరక్కుండా అరిగిపోయేవీ ఉన్నాయి.

ముందు పోయింది వెతుక్కోండి

మెకానిక్ తెలుగువాడే. మూడు తరాల కిందట మద్రాసు చేరిన కుటుంబం. తువ్వాలు విప్పి బ్లాకు చేతిలోకి తీసుకున్నాడు. లోపల వేలు తిప్పాడు. వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు.

'తంబీ, బండిని కంపెనీ పదకొండు గుర్రాలతో ఇచ్చింది. ఇప్పుడెన్ని ఉన్నాయో తెలుసా? అన్నా, మీకు తెలుసా?'

ఇద్దరూ మాట్లాడలేదు.

అతని లెక్క ఇదీ. పాత బండికి బలం తగ్గిందంటే ఇంజిన్ చిన్నదనా? కాదు, అరిగిందని. పిస్టన్ రింగులు అరిగితే పేలుడు తాలూకు ఒత్తిడి పక్కల నుంచి జారిపోతుంది. క్రాంకుకు రెండు వైపులా ఉండే రబ్బరు ఆయిల్ సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి గాలి పీలుస్తాయి. టూ స్ట్రోక్ బండిలో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంకు గదిలోకే వెళ్తాయి కాబట్టి అక్కడ చిన్న సందున్నా మిశ్రమం పలచబడిపోతుంది. ఇక సైలెన్సర్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న మసి సంగతి చెప్పక్కర్లేదు. లోపలి గొట్టం బయటికి లాగి కాల్చి శుభ్రం చేస్తే చాలు, చాలా బండ్లు తేలికపడతాయి. రింగులు, సీళ్లు, బేరింగులు, మసి... ఈ నాలుగూ చూసుకోకుండా రేసు సామాను బిగించడమంటే చిల్లుబడ్డ కుండకు రంగులేయడమే.

రీబోరు మీద కూడా చాలామందికి అపోహ ఉంది. బోరు పెంచితే బలం పెరుగుతుందని. ఈ బండి బోరు 50 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం కూడా 50 మిల్లీమీటర్లే. అరిగిన సిలిండర్‌ని పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోతారు. నాలుగు సైజులు వాడేశాక 51 మిల్లీమీటర్లకు చేరుతుంది. అప్పుడు కూడా ఇంజిన్ 98 నుంచి 102 సీసీకి మాత్రమే పెరుగుతుంది. ఆ నాలుగు సీసీలతో ఒరిగేది లేదు. కానీ ఆ నాలుగు సైజులూ అయిపోతే కొత్త లైనరు దిగ్గొట్టించుకోవాలి. రీబోరు బలం కోసం కాదు, ప్రాణం నిలబెట్టడం కోసం. ఎన్నిసార్లు పడితే అన్నిసార్లు కుదిరే పని కాదది.

పొట్ట సైలెన్సరు వెనక కథ

కొడుకు చూపంతా గోడకు వేలాడుతున్న పొట్ట సైలెన్సరు మీదే ఉంది. మొదట సన్నగా మొదలై, మధ్యలో ఉబ్బి, చివర మళ్లీ సన్నబడే గొట్టం. 'ఎక్స్‌పాన్షన్ ఛాంబర్' అంటారు. చూడటానికి అలంకారంలా ఉంటుంది గానీ అసలు గారడీ అంతా దాని ఆకారంలోనే ఉంది. పొగతో పాటు ఒత్తిడి అల ఒకటి గొట్టంలోకి దూసుకెళ్తుంది. ఉబ్బెత్తు భాగం లోపలి పొగను బయటికి లాగుతుంది. చివరి సన్నటి భాగానికి తగిలిన అల వెనక్కి తిరిగొచ్చి, తొందరపడి బయటికి జారిన తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేస్తుంది. సరిగ్గా ఆ క్షణానికి పిస్టన్ తలుపు మూసేయాలి. వేగం కుదిరితే బండి రాకెట్టే. కుదరకపోతే ముసలి ఎద్దు!

ఈ విద్యకు పదును పెట్టింది తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజినీరు వాల్టర్ కాడెన్. ఆ బండి మీద ప్రపంచ టైటిల్ అంచుల దాకా వచ్చిన రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961 సెప్టెంబరులో స్వీడన్ రేసుకు వెళ్లాడు. ఇంజిన్ చెడిపోయి మధ్యలోనే ఆగిపోయాడు. అటునుంచి అటే పశ్చిమానికి పారిపోయి జపాన్ కంపెనీ సుజుకిలో చేరాడు. కాడెన్ రహస్యాలూ అతనితోపాటే వెళ్లాయి. మరుసటి ఏడాది 50 సీసీ ప్రపంచ టైటిల్ సుజుకి మీద అతనిదే. పుదుపేట గోడకు వేలాడుతున్న గొట్టానికి అంత చరిత్ర ఉంది మరి.

'దీన్ని పెట్టు, వద్దనను' అన్నాడు మెకానిక్. 'నాలుగు బోల్టులు విప్పితే మళ్లీ ఊడి వస్తుంది. కానీ ఒక్కదాంతో ఆగదు తంబీ. పొగ బాగా పోతే గాలి ఎక్కువ లాగుతుంది. గాలి పెరిగితే జెట్టు మార్చాలి.'

జెట్టు మార్చకపోతే ఏమవుతుందో చూపించడానికి అతను బల్ల కింద నుంచి ఒక పిస్టన్ తీశాడు. నెత్తిన చిన్న కన్నం, పక్కలంతా గీతలు. పెట్రోలు తక్కువై, వేడి ఎక్కువై, పరుగులో ఉండగానే పట్టేసిన పిస్టన్ అది. వెనక చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. హైవే మీదైతే ఇక చెప్పేదేముంది! ప్లగ్గు విప్పి రంగు చూసుకోమంటాడు. కాఫీపొడి రంగులో ఉంటే క్షేమం. తెల్లబడిందంటే ప్రమాదం గుమ్మంలో ఉన్నట్టే.

కంపెనీ ఇచ్చిన కార్బొరేటరు 20 మిల్లీమీటర్లది. కుర్రాళ్లు 24 అడుగుతారు. పెరిగింది నాలుగే కదా అనిపిస్తుంది. కానీ గొట్టం వైశాల్యం 44 శాతం పెరిగినట్టు. ఆ మేరకు లోపలంతా మారాలి. ఇక బ్రేకులా? అవే పాత డ్రమ్ములు. పదకొండు గుర్రాల్ని ఆపడానికి చేసినవి.

షోళవరం నేర్పిన పని

చెన్నై మెకానిక్కులకు ఈ విద్య ఎక్కడిది? నెల్లూరు, గూడూరు వైపు నుంచి హైవే మీద వచ్చేవాళ్లు రెడ్‌హిల్స్‌కి కాస్త ముందు 'షోళవరం' బోర్డు చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక అదే రేసు ట్రాకయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడ పోటీలు పెట్టింది. రేసు సామాను విదేశాల నుంచి తెప్పించుకునే స్తోమత అందరికీ ఉండేది కాదు. ఉన్న బండినే లేతు మీద చెక్కి, ఆకురాయితో రాసి, రాత్రికి రాత్రి సిద్ధం చేసేవాళ్లు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చాక షోళవరం మూగబోయింది. చేతులకు అబ్బిన పని మాత్రం షెడ్లలో మిగిలింది. 1955 నుంచి ఈ ఊరితో ముడిపడ్డ బుల్లెట్టు కూడా ఆ పనికి తోడైంది.

ఈ సామాను చోటు ట్రాకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్లతో తొక్కించిన ఫొటోలు మన పేపర్లలోనూ చూస్తూనే ఉన్నాం. పసిపిల్లలున్న వీధిలో అర్ధరాత్రి ఆ మోత విన్నవాళ్లెవరూ పోలీసుల్ని తప్పుబట్టరు.

రెండు బ్లాకులు

మధ్యాహ్నానికి మాట పోర్టింగ్ దగ్గరికొచ్చింది. సిలిండరు గోడలో పొగ వెళ్లే దారిని ఒక మిల్లీమీటరు పైకి కోస్తే బండి ఎక్కువ వేగాల్లో రెచ్చిపోతుంది. కింది వేగాల్లో లాగదు. ట్రాకు మీద లాభం, నెల్లూరు ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో నరకం.

'కోసింది మళ్లీ అంటించలేం కదన్నా' అన్నాడు మెకానిక్. ఇప్పటికి ఒక్క రీబోరే అయిన కంపెనీ బ్లాకు. ఇంకా మూడు సైజులున్నాయి.

తండ్రి ఏమీ అనలేదు. కొడుకు బ్లాకు చేతిలోకి తీసుకుని చాలాసేపు లోపలికి చూశాడు. 'దీన్ని కొయ్యొద్దులే నాయనా' అన్నాడు చివరికి.

'మరి నీ రేసో?'

మెకానిక్ నవ్వి, పక్క సందులో బిల్లిచ్చే కొట్టు ఒకటి చూపించాడు. బిల్లు లేకుండా ఇక్కడ ఏదీ కొనొద్దని కూడా చెప్పాడు. అది ఏ దొంగ బండి తాలూకుదో ఎవరికి తెలుసు! అరగంట వెతికితే నాలుగు సైజులూ అయిపోయిన బ్లాకొకటి తుక్కు ధరకు దొరికింది. రెక్కలు రెండు విరిగాయి, మిగతాది గట్టిదే. లైనరు వేయించి దాని మీద కుర్రాడు ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. ఇంటి బ్లాకుకు కొత్త పిస్టను, రింగులు, సీళ్లు. వెనక స్ప్రాకెట్టుకు రెండు పళ్లు ఎక్కువ. దాంతో పిక్కప్ పెరిగినట్టు అనిపిస్తుంది, టాప్ స్పీడు కాస్త తగ్గుతుంది. అందరికంటే సంతోషించింది తండ్రి.

పొట్ట సైలెన్సరు మాత్రం కుర్రాడు కొననే కొన్నాడు. సాయంత్రం సెంట్రల్‌లో రైలెక్కేటప్పుడు న్యూస్‌పేపరు చుట్టిన దాన్ని భుజాన పెట్టుకున్నాడు. తండ్రి చేతిలో గుడ్డ సంచి. పొద్దున తెచ్చినదానికి రెట్టింపు బరువు. రెండు బ్లాకులూ కలిసిపోతాయేమోనని ఒకదానికి తువ్వాలు, ఇంకోదానికి గోనెపట్టా చుట్టారు.

'తువ్వాల్ది నాది' అన్నాడాయన, సీటు కిందకి జాగ్రత్తగా తోస్తూ.