ఆకు చూడకుండా చెట్టు తీసేయమంటారా?

నిమ్మచెట్టు ఆకులు పసుపెక్కుతున్నాయని హ్యూస్టన్‌లో ఒక మొక్కల దుకాణానికి రెమ్మ ఫొటో పట్టుకెళ్తే, కౌంటర్ దగ్గరున్నాయన దానివైపు కన్నెత్తి చూడలేదు. "తీసేసి కొత్తది పెట్టుకోండి, ఈ వారం ధర తగ్గించాం" అన్నాడు. నాకింకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఆకు చూడడానికి ఎంతసేపు పడుతుంది?

పసుపెక్కింది లేతాకా, ముదురాకా? ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. లేతాకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే చెట్టుకి ఇనుము అందడం లేదు. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే జింకు లోపం. ముదురాకు అంచుల నుంచి పసుపై, తొడిమ దగ్గర కోణాకారంలో పచ్చదనం మిగిలితే మెగ్నీషియం లోపం. నా చెట్టుది మొదటి రకం. మా పెరటి మట్టిలో క్షారగుణం ఎక్కువ. ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అలాంటి నేలలో పనిచేసే ఇనుము చిలేట్ పాదులో వేస్తే సరిపోయేదానికి చెట్టునే తీసేయమంటారా!

మిర్యాలగూడలో మా అమ్మమ్మ నిమ్మచెట్టు మొదలు దగ్గర బంక కారినప్పుడు తీసేయమని ఎవరూ అనలేదు. చిన్నాయన వచ్చి నేలమీద కూర్చుని బెరడు చూశాడు. గిన్నెలు తోమిన నీళ్ళు కాండం చుట్టూ నిలుస్తున్నాయని పట్టుకున్నాడు. కుళ్ళిన బెరడు కత్తితో గీకేసి, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూశాడు. కిలోకి కిలో, పది లీటర్ల నీళ్ళు. ఆ లెక్క బత్తాయి రైతులందరికీ నోటికొచ్చు. తర్వాత నీళ్ళు కాండాన్ని తాకకుండా రెండు వరసల పాదు తీశాడు. ఆ చెట్టు కాయలతో అమ్మమ్మ పెట్టిన పచ్చడి సూర్యాపేటలో నేను చదువుకునేటప్పుడు హాస్టల్ గదంతా తిన్నది.

ఇక్కడ తీసేయక తప్పని జబ్బు ఒకటుంది, ఒప్పుకోవాలి. గ్రీనింగ్ ఫ్లోరిడాలో 2005లో, టెక్సాస్‌లో 2012లో బయటపడింది. దాని మచ్చ ఈనెకి రెండుపక్కలా సమానంగా ఉండదు, కాయ వంకరపోతుంది, మందు లేదు. అందుకే ఆంక్షలున్న ప్రాంతం దాటి నిమ్మజాతి మొక్కని తీసుకెళ్ళనివ్వరు. దాన్ని మోసే పురుగు కరివేపాకు మీదా బతుకుతుంది కాబట్టి ఆ మొక్కకీ ఆంక్షలే. మనవాళ్ళు విసుక్కుంటారు గానీ ఆ పట్టుదల నాకు గౌరవం. టెక్సాస్ ఎ అండ్ ఎం విస్తరణ విభాగానికి ఆకు ఫొటోలు పంపితే ముదురాకుల ఫొటో కూడా అడిగి మరీ జవాబిచ్చారు. మనకూ గడ్డిపల్లిలో, కంపాసాగర్‌లో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. అమెరికాలోనే ఆకు చూసి చెబుతారని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

మా వైపు చెట్టుని ఎవరూ వదులుకోరు అని రాయబోయి ఆగాను. నల్గొండ జిల్లాలో బోర్లు ఎండిన ఏళ్ళలో కాపుకొచ్చిన బత్తాయి తోటలే నరికేశారు. అయితే నరికే ముందు అప్పుచేసి ట్యాంకర్లతో నీళ్ళు పోశారు. రంగపూర్ నిమ్మ మీద అంటుకట్టిన సాత్గుడి మొక్క కాపుకి రావడానికే అయిదారేళ్ళు. చిన్నాయన తోట నరికేసిన ఏడాది ఆయన ఇంట్లో ఎవరూ బత్తాయి రసం తాగలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు పారే పొలాలు కొద్ది దూరంలోనే, మిర్యాలగూడ మిల్లులకి వెళ్ళే వడ్ల లారీలు ఆ తోట పక్కనుంచే. "రెండు తడులు దొరికితే చాలు" అని ఎన్నాళ్ళో అంటూనే ఉన్నాడు.

నిన్న కోదాడ నుంచి అమ్మ ఫోను. తన చెట్టు లేతాకుల మీద వెండి గీతలట, ఆకు ముడుచుకుందట, పక్కింటావిడ కొట్టేయమందట. అక్కడా అదే మాట! అది ఆకులో సొరంగం తవ్వే చిన్న పురుగమ్మా, ముదిరిన చెట్టుని ఏమీ చేయదు, మందు కూడా కొట్టకు అన్నాను. "నేనూ అదే చెప్పి పంపించాను" అంది.