మా జీపు కమాన్ కట్ట

మా మహీంద్రా జీపు వెనుక భాగం కుంగిపోతే, ఎల్.బి.నగర్‌లో కమాన్ కట్టలకు చెరొక పట్టీ అదనంగా వేయించాము. బండి ఎత్తుగా నిలిచింది గాని, ప్రతి గుంటకూ ఎగిరిపడేది. వెనుక బెంచీపై కూర్చునే మా అమ్మగారికి నడుము పట్టేసింది. నెల తిరగకముందే జీపు ఎడమకు లాగసాగింది. టైర్లలో గాలి చూశాము, ముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించాము, ఫలితం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్దాయన టేపు తీసి, ముందు చక్రం నడిమి నుండి వెనుక చక్రం నడిమి వరకు రెండు పక్కలా కొలిచాడు. ఎడమ పక్క ముప్పావు అంగుళం తక్కువ! కట్ట నడిమి బోల్టు తెగి, ఇరుసు ముందుకు జరిగింది.

"యూ బోల్టులు మళ్లీ బిగించలేదా సార్?" అని అడిగాడు.

కొత్త పట్టీ సర్దుకున్నాక అవి వదులవుతాయని, వారంలో రమ్మని మొదటి మెకానిక్ చెప్పనే చెప్పాడు. మేమే వెళ్లలేదు. ఆ బండిలోనే పిల్లలను విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాకా తీసుకువెళ్లాము! దేవుని దయవలన క్షేమంగా తిరిగి వచ్చాము.

అదనపు పట్టీలు తీయించి, పాత పట్టీలకు వంపు పెట్టించి, అవి ఒకదానిపై ఒకటి జారేలా తుప్పు గీకించి గ్రీజు రాయించాము. బోల్టులన్నీ కొత్తవే వేయించాము. అమ్మగారు మళ్లీ వెనుకే కూర్చుంటున్నారు. వచ్చే శనివారం గడిలో "బోల్టులు" అని క్యాలెండరు మీద ఆవిడే రాసిపెట్టారు.