సునాదం మోగాక

మొన్న బుధవారం కూడికలో లేవీయకాండము 25వ అధ్యాయంలోని సునాద సంవత్సరాన్ని ధ్యానిస్తుంటే మాకు పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా గుర్తొచ్చింది.

1989లో మొదలైన అక్కడి అంతర్యుద్ధాలు 2003లో ముగిశాయి. శాంతి కాపాడటానికి ఐక్యరాజ్యసమితి తరఫున 2007లో మన దేశపు మహిళా పోలీసులు కూడా వెళ్లారు. ప్రభుత్వ సొమ్ము పక్కదారి పట్టకుండా ఖర్చుల మీద విదేశీ నిపుణుల సంతకం కూడా ఉండాలన్నారు. (సొంతింటి పెట్టెకు పరాయివాడి తాళం! అయినా ఒప్పుకున్నారు.) 2010లో సుమారు 460 కోట్ల డాలర్ల అప్పు మాఫీ అయింది. సునాదమే కదా!

కానీ 1990 జూలైలో, రాజధాని మన్రోవియాలోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో తలదాచుకున్నవారిని సైనికులు చంపేశారు. సుమారు 600 మంది. తుఫాను వస్తే మన ఊరు పరుగెత్తుకొచ్చేదీ మందిరానికే. ఆ సంగతి చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు.

అప్పిచ్చినవాడు అప్పు వదులుకోగలడు. ఆ 600 మంది తరఫున ఎవరు వదులుకుంటారు? క్షమించి మరచిపోండని మేమూ తేలిగ్గా ప్రసంగించినవాళ్లమే. ప్రత్యేక కోర్టు కావాలని అక్కడి సత్యశోధన కమిషన్ 2009లోనే చెప్పింది. దాన్ని ఏర్పాటుచేసే కార్యాలయం కోసం అధ్యక్షుడు బోకాయి సంతకం చేసింది 2024లో. అది నడవాలంటే మళ్లీ బయటి దేశాల చేయూత కావాలి. ఈలోగా కళ్లారా చూసినవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. ఈ బుధవారం వాళ్ల కోసం మోకాళ్లూనుదాం.