అడవిలో రెండు రాత్రులు: వృద్ధ దంపతుల ప్రయాణం

“డాక్టరు గారూ, ఈ వయస్సులో మేమిద్దరం కొండలకు వెళ్లవచ్చునా?” పదవీ విరమణ తరువాత నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్నలలో ఇది ఒకటి. పిల్లలు విదేశాలలో ఉంటారు, చేతిలో కొంత డబ్బు, కావలసినంత తీరిక ఉంటాయి. ఉన్నదల్లా భయమే. “వెళ్లవద్దు” అని చెప్పడం వైద్యునికి అన్నిటికంటె సులభం. కాని నా అనుభవంలో నడవడం వల్ల మంచాన పడ్డవారికంటె, నడవక మంచాన పడ్డవారినే ఎక్కువగా చూశాను.

మా ప్రాంతంలో ఊటీ వంటి వేసవి విడిది పట్టణం లేదు. గద్వాల చుట్టుపక్కల అంతా నడిగడ్డ, అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న చదునైన ఎర్ర నల్ల నేలలు. వనపర్తి దాటి నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరితే అక్కడ నల్లమల మొదలవుతుంది. మన్ననూరు నుండి కొండ ఎక్కితే ఫర్హాబాద్ వస్తుంది. నిజాం కాలంలో అక్కడ వేట విడిది ఉండేది. నేడు అది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో భాగం. ఎత్తు గురించి భయపడేవారికి ఒక మాట. కొండ ప్రాంతపు తలనొప్పి, వాంతులు, ఆయాసం సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తున ఉంది కనుక అక్కడ ఆ జాగ్రత్త అవసరం. ఫర్హాబాద్ 2,500లో సగం ఎత్తయినా లేదు. ఇక్కడ ఊపిరి అందకపోతే ఆ నింద కొండ మీద వేయకండి, గుండెను పరీక్ష చేయించుకోండి.

గత కార్తీకంలో మేమిద్దరం వెళ్లాము. నాకు డెబ్బై నాలుగు, మా శ్రీమతికి అరవై తొమ్మిది. ఆమెకు పద్దెనిమిది సంవత్సరాలుగా మధుమేహం ఉంది. రోజుకు రెండు పూటలా ఇన్సులిన్, రక్తపోటుకు బీటా బ్లాకర్ తరగతి మాత్ర వాడుతుంది. నేను గద్వాలలో, వనపర్తిలో, అచ్చంపేటలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమె క్వార్టర్సులోనే గడిపింది. “చెంచు పేషెంట్లు తెచ్చిన తేనె తిన్నాను గాని, ఆ తేనె వచ్చిన అడవిని చూడలేదు” అని ఎన్నోసార్లు అన్నది. అమ్మాయి మాత్రం ఫోనులో, “నాన్నా, అమ్మకు ఏమైనా అయితే అడవిలో ఏం చేస్తారు?” అని అడిగింది. అది అడగవలసిన ప్రశ్నే. బయలుదేరేముందు ఇద్దరం ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేయించుకొని, మూడు వారాలు రోజూ మేడ మెట్లు ఎక్కి దిగాము.

మొదటి రాత్రి మన్ననూరులో అటవీ శాఖ వారి విడిదిలో ఉన్నాము. అభయారణ్యంలో ఇష్టం వచ్చిన చోట గుడారం వేసుకోవడానికి వీలు లేదు. అది న్యాయమే. రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం దారిలో వాహనాలను కూడా ఆపివేస్తారు. సాయంకాలం జీపులో తిరిగితే దుప్పులు, నెమళ్లు కనిపించాయి. పులి కనిపించలేదు. దానికి మాతో పని ఏముంది?

రెండవ నాడు ఉదయం వటవర్లపల్లి వైపు వెళ్లి మల్లెల తీర్థం చూశాము. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మామూలు కొండకు వెళితే ముందు ఎక్కుడు, తరువాత దిగుడు ఉంటుంది. ఆయాసం వస్తే సగంలో వెనుదిరగవచ్చు. మల్లెల తీర్థం దానికి తలక్రిందులు. సుమారు 350 మెట్లు ముందు దిగాలి, అలసిపోయాక అవే ఎక్కాలి. దిగేటప్పుడు గుండెకు శ్రమ తెలియదు. “ఇంతేనా!” అనిపిస్తుంది. కాని తొడ కండరాలు శరీరపు బరువును ప్రతి మెట్టు వద్దా ఆపుకుంటూ దిగుతాయి, మోకాలి చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. మరునాడు పుట్టే నొప్పి చాలావరకు దిగుడు వల్లనే. అందుచేత మీ శక్తిని దిగేటప్పుడు కొలవకండి. ముప్పై మెట్లు దిగి, తిరిగి ఎక్కి చూడండి. ఎక్కుతూ నోట మాట వస్తున్నదా, వాక్యం పూర్తి చేయగలుగుతున్నారా అన్నది గమనించండి. వస్తే సాగవచ్చు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఏవి కనిపించినా జలపాతాన్ని ఫొటోలో చూసి సంతోషించండి.

మేము ఆ పరీక్ష చేసుకొనే దిగాము. తిరుగు దారిలో ప్రతి నలభై మెట్లకు ఒకసారి కూర్చున్నాము. కుర్రవాళ్లు మమ్మల్ని దాటిపోతూ “తాతా, చేయి ఇవ్వమంటారా?” అన్నారు. మా ఆవిడ చిన్నబుచ్చుకొన్నది.

ఆ సాయంకాలానికి కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాము. శ్రీశైలం ప్రాజెక్టు నీరు నిండినప్పుడు ఇక్కడి పాత ఆలయాలను విప్పి, ఎగువకు తరలించి నిలబెట్టారు. ఒడ్డున గుడారంలో మా రాత్రి బస. నడక ఎక్కువైన రోజు కనుక, ముందుగా మా మధుమేహ వైద్యునితో మాట్లాడుకొన్న ప్రకారం రాత్రి ఇన్సులిన్ ఐదవ వంతు తగ్గించి, జొన్నరొట్టె, పప్పు తిన్నాక పడుకొనేముందు ఒక గ్లాసు పాలు తాగించాను. అప్పుడు చూస్తే 148.

రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకొన్నాను. కారణం చెబుతాను. కండరాలు పగలు ఖర్చు చేసిన చక్కెర నిల్వలను రాత్రంతా రక్తం నుండి తిరిగి నింపుకొంటాయి. శ్రమ చేసిన తరువాత ఇరవై నాలుగు గంటల వరకు చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవారికి గండం మెట్ల మీదనే కాదు, నిద్రలోనూ ఉంటుంది.

అలారం మోగింది. నది మీది చలిగాలికి నేను రెండు దుప్పట్లు కప్పుకొని ఉన్నాను. ఆమె నుదురు తాకితే తడి, రవిక మెడ దగ్గర తడిసింది. లేపితే, “దీపం ఆర్పండి, పిల్లలకు పరీక్షలు” అన్నది. మా పిల్లల పరీక్షలు అయిపోయి పాతికేళ్లయింది. మీటరులో 54. చేయి వణకడం, గుండె దడ లేవు. బీటా బ్లాకర్ వాడేవారిలో ఆ సంకేతాలు మరుగున పడవచ్చు, చెమట మాత్రం దాగదు. చలిలో చెమట పట్టిందంటే వేరే ఆలోచన వద్దు, వేలు గుచ్చి చూడండి.

కూర్చోబెట్టి, మింగగలుగుతున్నదని ఒక గుక్క నీటితో నిర్ధారించుకొని, మూడు చెంచాల గ్లూకోజు పొడి కలిపిన నీళ్లు తాగించాను. స్పృహ లేనివారి నోట మాత్రం ఏదీ పోయకండి. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. అటువంటప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి. గడియారం ముందు పెట్టుకొని కూర్చున్నాను. నలభై ఏళ్లు ఇతరుల భార్యలకు, తల్లులకు ఈ పని చేసినవాడినే, అయినా ఆ పదిహేను నిమిషాలు చాలా పొడవుగా తోచాయి. కొల్లాపూర్ ఆసుపత్రికి దూరమెంతో, కారు ఏ వైపు తిరిగి ఉందో మనస్సులో లెక్కవేసుకొంటూనే ఉన్నాను. పదిహేను నిమిషాలకు 83. “ఏమండీ, మీరు నిద్రపోలేదా?” అన్నది. అది విన్నాక నా ఊపిరి నాకు తిరిగి వచ్చింది. నాలుగు బిస్కెట్లు తినిపించి, మళ్లీ నాలుగు గంటలకు చూశాను. 121.

గుడారంలో మంచం వేయించుకొన్నామని చెప్పాలి. నిర్వాహకుడు “అందరూ పరుపు మీదే పడుకుంటారు సార్” అని నవ్వాడు. నేను ఒప్పుకోలేదు. నాగుపాము, రక్తపింజర, ఇసుక పింజర, కట్లపాము అనే నాలుగింటిలో కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది, నేల మీద పడుకొన్నవారినే ఎక్కువగా కరుస్తుంది. కాటు గుర్తు కనిపించకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గ్యాసు అనుకొని మాత్ర మింగకండి. కట్టు బిగించడం, కోయడం, పసరు పోయడం మాని, కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. మంచం, పరుపు అంచుల క్రిందకు దోపిన దోమతెర, చేతికందే టార్చిలైటు ఉంటే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

ఉదయం ఆమె పడవ ఎక్కుతానన్నది. మీటరు 136 చూపించింది. ఎక్కాము. నా జేబులో గ్లూకోజు పొట్లం, ఆమె సంచిలో మరొకటి. రెండూ ఒకరి దగ్గరే ఉండకూడదు. ఇన్సులిన్‌ను ఆగివున్న కారులో వదలకుండా, తడిగుడ్డ చుట్టిన చిన్న మట్టికుండలో పెట్టి నీడన ఉంచాము.

మరొక్క విషయం. ఇంటికి చేరాక మూడు వారాల వరకు జ్వరం వస్తే, “అడవికి వెళ్లివచ్చాము” అని వైద్యునికి ముందుగా చెప్పండి. పొదలలో ఉండే కంటికి ఆనని నల్లుల వంటి పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. చంకలో, గజ్జలలో, నడుము పట్టీ దగ్గర సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పెచ్చు ఉన్నదేమో వెతకండి. అది నొప్పి పెట్టదు కనుక రోగికి తెలియదు. దీనికి డాక్సీసైక్లిన్ అనే చవకైన మందు చక్కగా పనిచేస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తిరిగి వచ్చిన రోజున వేడినీటి స్నానం చేసి, ఆ బట్టలు వేరుగా ఉతికించి, ఒకరి వీపు ఒకరు చూసుకోండి.

మేమూ చూసుకొన్నాము. నా వీపున పాత పుట్టుమచ్చ ఒకటి ఉన్నదని ఆమె నాకు నలభై ఆరేళ్లకు చెప్పింది.