క్రొత్త చైను

నేనును మా తమ్ముడును ఒక పాత మోటారుసైకిలును కొని, దానిని ట్రయల్స్ బండిగా మార్చ నుద్యమించితిమి. ట్రయల్స్ వేగపు పందెము కాదు. స్కాట్లండునందు ఏటేట ఆరు దినములు జరుగు పోటీలో సైతము రాళ్ళమీదను, వాగులలోను కాలు నేల మోపక బండి నడుపుటయే ఘనత. ఒకమారు కాలు మోపిన ఒక తప్పు. దాటలేక నిలిచిపోయిన ఐదు.

మాకు పోటీ లేదు, ఊరి గుట్టయే చాలును. కొన్నాళ్ళకు చైను సాగెను. దుకాణదారుడు చైనుతోపాటు ముందు వెనుకల స్ప్రాకెట్లను గూడ మార్చుమనెను. అది బేరము పెంచు మాట యని తలచి, చైను మాత్రము కొని, మిగిలిన పైకముతో మెరయు హాండిలుబారు తెచ్చితిని. తమ్ముడు వలదనెను. పెద్దవాడను గదా, వినకపోతిని.

అరిగిన స్ప్రాకెట్టు పండ్లు కొక్కెములవలె వంగియుండును. సైకిలు తొక్కు బాలురు వంగి చూచిన నిది తెలియును. వానిపై క్రొత్త చైను కుదురుకొనదు. బరువు పడినపుడు పంటినుండి పంటికి దుముకును. గుట్ట నడుమ తమ్ముడు ఎక్కుచుండగా నదియే జరిగెను. బండి వెనుకకు జారి మీద పడగా వాని ముంజేయి విరిగెను.

ఈ పర్యాయము మూడును కొంటిమి. హాండిలుబారు అమ్మగా సగము వెలయైన రాలేదు. ముందు స్ప్రాకెట్టు 17 పండ్లదానికి మారు 16 పండ్లది కోరితిమి. వేగము నూటికి ఇంచుమించు 6 పాళ్ళు తగ్గును, ఎక్కుటకు లాగు బలము అంతమేర పెరుగును. దుకాణమున పండ్లు లెక్కించినవాడు తమ్ముడే, కట్టులేని చేతితో.